మెట్లదారికి తలుపు లేక 95 ప్రాణాలు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం కతోలిక పాఠశాలల్లో సందడి కాలం. పశువుల పాక సిద్ధం చేయడం, పాటలు నేర్చుకోవడం, నాటికలకు వేషాలు చూసుకోవడంలో పిల్లలు మునిగి ఉంటారు. 1958లో ఆ కాలం నవంబరు 30 ఆదివారం ప్రారంభమైంది. మరునాడే, డిసెంబరు 1 సోమవారం మధ్యాహ్నం, అమెరికాలోని షికాగో నగరంలో ఒక విచారణ పాఠశాలలో చెలరేగిన మంటలు 92 మంది విద్యార్థులను, వారికి పాఠాలు చెబుతున్న ముగ్గురు మఠకన్యలను బలిగొన్నాయి. బడి వదలడానికి అప్పటికి గంట వ్యవధి కూడా లేదు.

ఆ పాఠశాల పేరు ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’. దేవదూతల రాణి అయిన మరియమాత పేరిట నెలకొన్న విచారణ అది. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. ఐరిష్, పోలిష్ కుటుంబాలూ ఉండేవి. చిన్న తరగతుల నుంచి ఎనిమిదో తరగతి వరకు సుమారు 1,600 మంది చదువుకునేవారు. కొన్ని గదుల్లో 60 మందికి పైగా కూర్చునేవారు. తల్లిదండ్రుల్లో చాలామందిది బడికి నడిచి వెళ్లగలిగే దూరంలోని ఇల్లే. గుడి, బడి, ఇల్లు ఒకే వాడలో ఉండటం వారికి భరోసా. తమ పిల్లలు దేవుని నీడలో, మఠకన్యల కంటి ముందు ఉన్నారని వారు నిశ్చింతగా ఉండేవారు. ఆ నిశ్చింతను తప్పుపట్టడానికి వీల్లేదు. ఎందుకంటే కొద్ది వారాల ముందే అగ్నిమాపక శాఖ తనిఖీలో ఆ భవనం నెగ్గింది.

మంట ఎలా పైకి పాకింది?

ఉత్తర భాగంలో మెట్ల అడుగున, నేలమాళిగలో చెత్త వేసే అట్ట పీపా ఒకటి ఉండేది. మధ్యాహ్నం రెండు గంటల తర్వాత అందులో నిప్పు అంటుకుంది. దాదాపు ఇరవై నిమిషాలు ఎవరూ గమనించలేదు. మెట్లు చెక్కవి. భవనం బయటికి ఇటుక గోడలతో దృఢంగా కనిపించినా లోపల నేల, తలుపులు, పైకప్పు దూలాలు అన్నీ కలపే. ఏళ్ల తరబడి నేలకు మైనం పూత పూస్తూ వచ్చారు. మంటకు కావలసిన ఆహారమంతా అక్కడే సిద్ధంగా ఉంది.

అసలు విషాదం ఇక్కడే ఉంది. కింది అంతస్తులో మెట్లకూ వరండాకూ నడుమ మంటను ఆపే తలుపు ఉంది. అది మూసి ఉంది. అందువల్ల ఆ అంతస్తులోని పిల్లలు ఇంచుమించు క్షేమంగా బయటపడ్డారు. పై అంతస్తులో అలాంటి తలుపే లేదు. వేడి పొగ ఎప్పుడూ పైకి పోయే దారి వెతుక్కుంటుంది. మెట్లదారి దానికి పొగ గొట్టంలా ఉపయోగపడింది. కొన్ని నిమిషాల్లో పై వరండా నల్లని పొగతో నిండిపోయింది. గొట్టాల కోసం వదిలిన సందు గుండా మంట పైకప్పుకూ తరగతి గదుల లోకప్పుకూ మధ్యనున్న ఖాళీలోకి కూడా చేరింది. గదుల్లోని వారికి ప్రమాదం తెలిసేసరికి ఒక వంక తలుపు బయట పొగ, మరో వంక తలపైన మంట.

అప్పుడు ఉత్తర భాగం పై అంతస్తులో 329 మంది పిల్లలు, అయిదుగురు మఠకన్యలు చిక్కుకున్నారు. వారికి మిగిలిన దారి కిటికీలే. అవి నేలకు సుమారు 25 అడుగుల ఎత్తున ఉన్నాయి. కిటికీ గట్టు గది నేల నుంచి మూడడుగులకు పైగా ఎత్తున ఉండటంతో చిన్నపిల్లలు దానిపైకి ఎక్కలేకపోయారు. ఎక్కిన వారిలో చాలామంది కిందికి దూకారు. కాళ్లు చేతులు విరిగినవారు కొందరైతే, ప్రాణాలు పోయినవారు మరికొందరు.

తలుపు సందుల్లో పుస్తకాలు

ఒక గదిలో మఠకన్య పిల్లలతో పుస్తకాలు తెప్పించి తలుపు సందుల వద్ద పేర్పించారు. పొగ కొంతసేపు ఆగింది. నిచ్చెనలు వచ్చేలోగా ఆ కొద్ది వ్యవధే ఆ తరగతిలో చాలామందిని బతికించింది. మరో గది పక్కనున్న అత్యవసర మెట్ల తలుపునకు తాళం ఉంది. పాఠశాల భవన సంరక్షకుడు పరుగున వచ్చి తాళం తీయడంతో ఆ గదిలోని పిల్లలంతా బయటపడ్డారు. ఇంకొన్ని గదుల్లో మఠకన్యలు పిల్లలను దగ్గరకు తీసుకుని ప్రార్థన చేయించారు. నిచ్చెన కోసం ఎదురుచూడటం తప్ప మరో మార్గం లేనప్పుడు వారు చేయగలిగింది అదే. చనిపోయిన ముగ్గురు మఠకన్యలూ తమ విద్యార్థులను విడిచి వెళ్లలేదు.

ప్రమాద సూచన గంట భవనంలో ఉన్నా అగ్నిమాపక కేంద్రానికి దానితో సంబంధం లేదు. గంట మోగినా కబురు మళ్లీ ఫోనులోనే అందాలి. కేంద్రానికి కబురు 2 గంటల 42 నిమిషాలకు చేరింది. సిబ్బంది నాలుగు నిమిషాల్లోనే వచ్చారు. అయితే వారికి అందిన చిరునామా బడిది కాదు, పక్క వీధిలోని గురువుల నివాసానిది. అక్కడి నుంచి బండ్లు మళ్లించాల్సి వచ్చింది. భవనం రెండు భాగాల నడుమనున్న ఆవరణకు ఇనుప కంచె, దాని గేటుకు తాళం. దాన్ని పగలగొట్టడానికి మరికొన్ని నిమిషాలు. అప్పటికే తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు ఇళ్లలోని నిచ్చెనలు తెచ్చి గోడలకు ఆనించారు. వాటిలో చాలావరకు కిటికీలను అందుకోలేదు. ఇన్ని అవరోధాల మధ్య అగ్నిమాపక సిబ్బంది సుమారు 160 మందిని కాపాడారు.

తప్పు చట్టంలోనే

భవనం నిబంధనలను ఉల్లంఘించలేదన్నది విచారణలో తేలిన అత్యంత చేదు నిజం. మంటలను ఆపే మెట్లదారులు, నీరు చిమ్మే ఏర్పాట్లు తప్పనిసరి అంటూ షికాగో నగరం 1949లో తెచ్చిన నియమాలు కొత్త కట్టడాలకే వర్తించాయి. ఈ పాఠశాల ఉత్తర భాగం 1910లో కట్టినది. పాతవాటికి మినహాయింపు ఉంది. కాగితం మీద అంతా సక్రమమే. మంటలను ఆర్పే పరికరాలు కూడా ఉన్నాయి, ఏడడుగుల ఎత్తున తగిలించి. పెద్దవారిలోనే చాలామందికి అందని ఎత్తు అది.

నిప్పు ఎవరు పెట్టారన్నది నేటికీ అధికారికంగా తేలలేదు. 1962లో ఒక బాలుడు తానే పెట్టానని చెప్పి, తర్వాత మాట మార్చాడు. సాక్ష్యం చాలదని న్యాయస్థానం భావించింది. ప్రమాదకారకుని వెతకడంలో లోకం చూపిన ఆసక్తి, ఆ మెట్లదారికి తలుపు ఎందుకు లేదన్న ప్రశ్నపై అంతగా లేకపోవడం గమనార్హం.

దుఃఖానికి గొంతు లేని కాలం

ఆ సాయంత్రం తల్లిదండ్రులు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరిగారు. ఎక్కడా బిడ్డ కనిపించనివారు చివరకు శవాగారం ముందు బారులు తీరారు. నవంబరులోనే షికాగో అగ్రపీఠం బాధ్యతలు చేపట్టిన ఆల్బర్ట్ మేయర్ సామూహిక అంత్యక్రియల బలిపూజను నిర్వహించారు. గాయపడిన పిల్లల్లో కొందరు తర్వాతి నెలల్లో మరణించారు. చివరి మరణం 1959 ఆగస్టులో సంభవించింది.

బతికి బయటపడిన పిల్లలకు మాత్రం ఆ విషయం మాట్లాడవద్దన్న సలహాయే ఎక్కువగా దక్కింది. మనసుకు తగిలిన గాయానికి చికిత్స అవసరమన్న అవగాహన ఆనాడు అంతంతమాత్రం. దేవుడు తనకు ప్రియమైన వారిని పిలుచుకున్నాడని ఓదార్చినప్పుడు, మరి నన్నెందుకు వదిలేశాడన్న ప్రశ్న బతికిన పిల్లల మనసులో మిగిలిపోయేది. తమ తోటివారి గురించి వారిలో పలువురు నోరు విప్పడానికి దశాబ్దాలు పట్టింది. 1996లో వెలువడిన ‘టు స్లీప్ విత్ ది ఏంజెల్స్’ అనే పుస్తకం వారి జ్ఞాపకాలను లోకం ముందుంచింది.

షికాగో శివారు హిల్‌సైడ్‌లోని ‘క్వీన్ ఆఫ్ హెవెన్’ సమాధుల తోటలో మృతుల పేర్లతో స్మారకం వెలసింది. హేరోదు చంపించిన నిర్దోష శిశువుల స్మృతికి అంకితమైన స్థలంలో వారిని తలచుకోవడం కతోలిక కుటుంబాలకు సహజమే. డిసెంబరు మొదట్లో స్మారక బలిపూజకు చేరినవారిలో నెరిసిన జుట్టుతో వచ్చిన ఆనాటి పిల్లలూ ఉండేవారు. కాలిన బడి స్థానంలో నీరు చిమ్మే ఏర్పాట్లతో 1960లో కొత్త భవనం తెరిచారు. విచారణలోని కుటుంబాలు క్రమంగా వేరే ప్రాంతాలకు తరలిపోయాయి. 1999లో ఆ బడి మూతపడింది.

స్మరణ ప్రార్థనలతోనే ఆగలేదు. దేశవ్యాప్తంగా ఏడాది తిరిగేలోగా దాదాపు 16,500 పాత బడి భవనాలను కొత్త ప్రమాణాలకు అనుగుణంగా మార్చారు. పాతవాటికి మినహాయింపు అనే మాటకు కాలం చెల్లింది.

మనకు కుంభకోణం

మన దేశంలో ఆ మేలుకొలుపు 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో జరిగింది. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి నుంచి లేచిన మంట కొబ్బరాకుల కప్పునకు అంటుకొని 94 మంది పిల్లలు సజీవ దహనమయ్యారు. అక్కడా ఇరుకు మెట్లే శత్రువులయ్యాయి. ఆ తర్వాత దాఖలైన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, భద్రమైన పాఠశాలలో చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కులో భాగమని స్పష్టం చేసింది. సర్కారు బడి అయినా, మేత్రాసనం నడిపే ఆర్‌సీఎం బడి అయినా, ప్రైవేటు బడి అయినా అది వర్తిస్తుంది.

తెలుగు జిల్లాల్లోని బడుల్లో చెక్క మెట్లు అరుదు. మన భవనాలు సిమెంటువి. అయితే షికాగో పిల్లలకు కనీసం దూకడానికి కిటికీలున్నాయి. మన కిటికీలకు ఇనుప ఊచలు బిగించి ఉంటాయి. దొంగల భయంతో, పిల్లలు బయటికి పోతారన్న జాగ్రత్తతో మెట్ల దగ్గర గ్రిల్ గేటు వేసి తాళం బిగించడం అనేక బడుల్లో మామూలే. ఆవరణలో ఒకటే గేటు, దానికి కాపలాదారు ఒక్కడే. మెట్ల కింద ఖాళీ స్థలం కనిపిస్తే పాత బల్లలు, కాగితాల మూటలు అక్కడికే చేరతాయి. షికాగోలో నిప్పు పుట్టింది సరిగ్గా అలాంటి చోటే.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల జాబితా చూసిన తర్వాత పై అంతస్తు వరకు ఒకసారి నడిచి చూడటానికి పది నిమిషాలు చాలు. రెండో మెట్లదారి ఉందా, ఉంటే అది తెరిచి ఉందా, మంటలార్పే సిలిండరు ఆయాకైనా అందే ఎత్తులో ఉందా, పిల్లలతో చివరిసారి గంట కొట్టి బయటికి నడిపించే సాధన ఎప్పుడు చేయించారు అన్నవి అడిగి తెలుసుకోవచ్చు. అగ్నిమాపక కేంద్రం నంబరు 101 అని పిల్లలకు నేర్పేటప్పుడు, బడి వీధి పేరు, దగ్గరి గుర్తు కూడా చెప్పడం నేర్పాలి. గ్రిల్ గేటు తాళంచెవి ఒకటి ప్రధానోపాధ్యాయురాలి సొరుగులో ఉంటే చాలదు. మరొకటి ఆ అంతస్తులో పాఠం చెప్పేవారి చేతికి అందేచోట ఉండాలి.