అమ్మ చేతిరాత, అమ్మాయి చెయ్యి

ఉగాది కార్యక్రమంలో మా అమ్మాయి ముంజేతిని చూసి, నన్ను పక్కకి పిలిచి “ఏమిటండీ ఇది, మీరెలా ఒప్పుకున్నారు?” అని అడిగినవాళ్ళు కనీసం అరడజను మంది ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ వ్యాసం రాస్తున్నాను.

2024 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మాయి పెసరట్టు ప్లేటు పక్కకి జరిపి, కుడి చేతి చొక్కా మోచేతి దాకా మడిచి, “నాన్నా, ఇక్కడ గీతలో శ్లోకం టాటూ వేయించుకుంటాను” అంది. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. “ఆగస్టులో పద్దెనిమిది నిండితే నీ సంతకం అక్కర్లేదు. అయినా అడిగే చేయించుకుందామని అడుగుతున్నా” అని కూడా అంది.

నేను చర్మవైద్యుణ్ణి. మంగళవారం మధ్యాహ్నాలు మా క్లినిక్‌లో నా పని, జనం మోజు పడి వేయించుకున్న టాటూలని లేజర్‌తో తీసెయ్యడం. విడిపోయిన భార్యల పేర్లు, ఓడిపోయిన ఫుట్‌బాల్ జట్ల గుర్తులు తీసీ తీసీ విసిగిపోయినవాణ్ణి. “మన ఇంటా వంటా లేదు ఇలాంటివి” అనేశాను. మా ఆవిడ స్టవ్ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. నవంబరులో తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం, ఏమీ మాట్లాడకుండా, తన ఎడమ చెయ్యి తెచ్చి బల్ల మీద చాపింది.

తేలు బొమ్మ, మూడు చుక్కలు, పక్కన వంకరగా ‘రామ’. పుట్టినప్పటి నుంచీ నేను చూస్తున్న పచ్చబొట్టే. చూసీ చూసీ కంటికి ఆనడం మానేసింది. అమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె పొడిచిందట. నాలుగు సూదులు కలిపి కట్టి, దీపపు మసిలో ఏదో ఆకు పసరు కలిపి. “నన్నెవరడిగార్రా? మా అమ్మ చెయ్యి పట్టుకుంది, ఆవిడ పొడిచింది. పోయాక బంగారం వలుచుకుంటారు గానీ ఇది వలుచుకోలేరు అంది” అని చెప్పింది. ఆ మసి నల్లదే. చర్మం లోపలి పొరలో ఉండి, పై పొరలోంచి కనబడేటప్పుడు నీలీ ఆకుపచ్చా కలిసిన రంగుగా అనిపిస్తుంది. పచ్చబొట్టులో పచ్చదనం వచ్చేది అక్కణ్ణుంచే.

ఇంటా వంటా అన్న మాట అక్కడే వీగిపోయింది. ఆపైన మా తాతగారు గుర్తొచ్చారు. సమాశ్రయణం అయినవారు కనక ఆయన రెండు భుజాల మీదా కాల్చి వేసిన శంఖచక్రాలుండేవి. “పవిత్రమైన అక్షరాలు ఒంటిమీదేమిటి, మైల కాదూ?” అని చివరి బాణం వేశాను. మా అమ్మాయి దానికీ సిద్ధంగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో రామ్‌నామీలని ఉన్నారట. అంటరానివాళ్ళని గుళ్ళలోకి రానివ్వకపోతే, పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ళు రామనామాన్ని ఒళ్ళంతా, కొందరు మొహం మీద కూడా పొడిపించుకోవడం మొదలుపెట్టారు. “వాళ్ళది మైలా నాన్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇక వైద్యానికి దిగాను. టాటూ సూది చర్మంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకి రంగుని దింపుతుంది. అక్కడ మన రక్షక కణాలు దాన్ని మింగి కూర్చుంటాయి. అవి చచ్చిపోతే వదిలిన రంగుని కొత్త కణాలు మళ్ళీ మింగుతాయి. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకల్లో ఇది చూపించారు. చెరిగిపోకపోవడానికి కారణం ఇదే. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ గీత కొంచెం కొంచెం పక్కకి పాకుతుంది, సన్నటి సందులు పూడుకుపోతాయి. చర్మంలోకి ఎక్కించడానికని ఏ రంగునీ అమెరికా ఎఫ్.డి.ఏ. ఆమోదించలేదని కూడా చెప్పాను. “అయితే ఒట్టి నలుపే. ఎర్రరంగుతోనే ఎలర్జీలు ఎక్కువని నువ్వే అంటావుగా” అంది. మనలాంటి చర్మాల్లో కొందరికి మచ్చ ఉబ్బి గడ్డకడుతుంది. దీనికి చెవులు కుట్టించినప్పుడు అలా కట్టలేదు. ఆ అభ్యంతరమూ పోయింది. 2023లో ప్యూ సంస్థ సర్వే చేస్తే అమెరికాలో పెద్దవాళ్ళలో 32 శాతం మందికి టాటూ ఉందని తేలిందని మా ఆవిడ పేపర్లో చదివి చెప్పింది. ఎవరి పక్షాన చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

“సరే, ఏ శ్లోకం?” అన్నాను, పారిపోవడానికి ఇంకో దారి లేక. రెండో అధ్యాయం, 47వ శ్లోకం. అందరికీ తెలిసిందే, పెళ్ళి ఉపన్యాసాల్లోనూ రిటైర్‌మెంట్ పార్టీల్లోనూ వినబడేదే. “అదా! సగం అమెరికాకి అదే తెలుసు” అన్నాను కొంచెం వెటకారంగా.

“అందరూ వేయించుకునేది మొదటి సగం నాన్నా. నాకు కావాల్సింది నాలుగో పాదం. పని చెయ్యకపోవడం మీద మమకారం పెంచుకోకు అనేది” అంది.

నాకు నోట మాట రాలేదు. 2022 చలికాలం నుంచి 2023 వేసవి దాకా మా అమ్మాయి చాలా రోజులు పక్క దిగలేదు. నేను బద్ధకం అనుకున్నాను. కేకలేశాను, ఫోన్ లాక్కున్నాను. రోజుకి పాతిక మంది ఒంటిమీద మచ్చలు పరీక్షించే నాకు, నా ఇంట్లో మేడమీద గదిలో ఏం జరుగుతోందో స్కూలు కౌన్సెలర్ ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. “అది జబ్బమ్మా, నీ తప్పు కాదు” అన్నాను. “తెలుసు. మందులతో అది తగ్గింది. తగ్గాక కూడా పక్కమీదే ఉండిపోతే బావుణ్ణనిపించేది చూడు, ఇది దాని కోసం” అంది.

ఆ తరవాత మా ఇంట్లో చర్చ వేయించుకోవాలా వద్దా అని కాదు, ఎలా రాయాలి అని.

మొదట దేవనాగరిలో కావాలంది, సంస్కృతం అంటే అదే లిపి అనుకుని. సంస్కృతానికి ఒక్క లిపి అంటూ లేదనీ, అమ్మ రోజూ చదువుకునే గీత తెలుగు లిపిలోనే ఉందనీ చూపించాను. పూర్వం తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పట్టించేవారు. సూదీ మసీ అన్నమాట. అది చెప్పాక తెలుగు లిపికి వెంటనే ఒప్పుకుంది.

టాటూ దుకాణం నుంచి వచ్చిన మొదటి నమూనా చూసి నాకు చెమటలు పట్టాయి. ఆ పాదంలో ‘స్త్వ’ అనే సంయుక్తాక్షరం ఉంది, కింద రెండు ఒత్తులతో. నమూనాలో స, త, వ మూడూ విడివిడిగా, పొల్లులు పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాయి. తెలుగు అక్షరాలు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉన్నాయి గానీ, ఒత్తుని అక్షరం కిందకి చేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. బొమ్మలు గీసే కొన్ని సాఫ్ట్‌వేర్లకి ఆ సంగతి తెలియదు. ఇంగ్లీషు ‘ఎస్’ ఆకారంలో ఉండే అవగ్రహాన్ని, అలంకారం అనుకున్నారో ఏమో, ఎత్తేశారు. చదవడం రాని పిల్ల, చదవడం రాని దుకాణదారుడు. నేనొక్కణ్ణి చూడకపోతే ఆ తప్పు జన్మంతా మోసేది.

కొలతలు వేశాను. దాని ముంజేతిలో వాడుకోదగ్గ పొడవు ఏడంగుళాలు. శ్లోకం మొత్తమైతే ముప్ఫై రెండక్షరాలు, రెండు వరసల్లో పెట్టినా ఒత్తులు పదేళ్ళలో మసిబొట్లయ్యేవి. నాలుగో పాదం ఎనిమిదే. అక్షరానికి ముప్పాతిక అంగుళం పైన దొరుకుతుంది. వెంట్రుకంత సన్నటి గీతలు ఇప్పటి ఫ్యాషనట, ఒత్తుల దగ్గర మాత్రం ఖాళీ వదలమని పట్టుబట్టాను.

ఫాంటు వద్దు, చేతిరాత కావాలంది. నాది డాక్టరు రాత, ఆ సంగతి వదిలెయ్యండి. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. కానీ రామకోటి రాసీ రాసీ ముత్యాల్లాంటి అక్షరాలు. “నాయనమ్మా, నువ్వు రాసివ్వవా?” అంటే అమ్మ స్నానం చేసి, కొత్త పెన్ను తెప్పించుకుని కూర్చుంది. వణికే చేత్తో పదకొండుసార్లు రాసింది. పక్కన మా అమ్మాయి ఒక్కొక్క అక్షరం పలుకుతూ తనూ రాసుకుంది. రెండు వారాల్లో ఒత్తులతో సహా చదవడం వచ్చేసింది. ఇక్కడ మేం ఎనిమిదేళ్ళు ఆదివారం బడికి పంపినా రానిది! అమ్మ రాసినవాటిలో ఆరోది ఎంచుకుంది.

మార్చి సెలవుల్లో వెళ్ళాం. నేను సంతకం పెట్టాను. అక్షరాలు ఎదుటివాళ్ళకి తిన్నగా కనబడేలా వెయ్యడం ఆనవాయితీ అన్నాడు దుకాణం కుర్రాడు. “చదవాల్సింది నేను” అని మా అమ్మాయి తనవైపు తిప్పించుకుంది. స్టెన్సిల్ అంటించాక మూడుసార్లు అక్షరం అక్షరం చదివి చూశాను. అవగ్రహం ఏమిటని అతనడిగితే, లోపించిన అకారం గురించి సంధితో సహా చెప్పాను, పాపం విన్నాడు. గంటా పావు పట్టింది. అది నా చెయ్యి పట్టుకోలేదు. నేనే కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మేలో అమ్మ తెనాలి వెళ్ళిపోయింది. పోయిన నెల ఫోన్‌లో మాట్లాడుతూ “అమ్మలూ, ఏదీ చెయ్యి చూపించు” అంది. మా అమ్మాయి కెమెరా ముందు చెయ్యి పెట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఆ చివరి ‘ణి’కి గుడి వంకరపోయిందే. ఇంకొక్కసారి రాయించుకోవలసింది” అంది.