సూది గుచ్చుకున్నాక 72 గంటలు

2020 జనవరిలో మొదలైన ఛత్తీస్‌గఢ్ ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదికీ వేలు గుచ్చి రక్తం చూశారు. తొలి విడతలోనే 14 లక్షలకు పైగా పరీక్షలు జరిగాయి. మలేరియా తేలినవారిలో సగానికి పైగా వారికి ఏ లక్షణమూ లేదు; గడప గడపకూ వెళ్లకపోతే వాళ్లెవరో తెలిసేదే కాదు. ఈ ఘనత మితానిన్లది (ఇక్కడి ఆశా కార్యకర్తలది), ఏఎన్ఎంలది, వాగులు దాటి వెళ్లిన సిబ్బంది అందరిదీ.

అలా గుచ్చే చేతికే ఒక్కోసారి వాడిన సూది గుచ్చుకుంటుంది. అజాగ్రత్త అంటారని చాలామంది పైకి చెప్పరు.

భయపడాల్సింది మాటకు కాదు, ఆలస్యానికి. రోగికి హెచ్ఐవీ ఉంటే సిరంజి సూది పోటుతో సోకే అవకాశం వెయ్యికి 3. హెపటైటిస్‌-బి అయితే, టీకా వేసుకోనివారికి వందకు 30 దాకా. వేలు గుచ్చే లాన్సెట్‌తో ముప్పు తక్కువే కానీ సున్నా కాదు. వేలు నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు, సబ్బుతో పారే నీటి కింద కడగాలి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమని తేలితే తొలి మోతాదు 2 గంటల్లోపు పడటం మేలు. 72 గంటలు దాటాక ఇవ్వరు. ఆపైన 28 రోజులు మానకుండా మింగాలి. జగదల్‌పుర్‌లో సమయానికి మందు అందడం తేలిక. ఇంద్రావతి పొంగిన రోజుల్లో, అబూజ్‌మాడ్ లోపల, ఆ గంటలన్నీ దారిలోనే అయిపోతాయి. కాబట్టి ఆ మందు ఏ కేంద్రంలో ఉందో, రాత్రిపూట బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో బయల్దేరకముందే కనుక్కోవాలి.

ఆ 28 రోజుల్లో వికారం కన్నా బెంగ ఎక్కువ బాధిస్తుంది. ఇంట్లో చెప్పుకోలేరు, నిద్ర పట్టదు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. మనసు విప్పాలంటే అమ్మభాషే కావాలి.

రోగికీ అంతే. కుంట వైపు దోర్లా గిరిజనుల్లో చాలామంది తెలుగు కూడా మాట్లాడతారు. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడు బస్తర్ రాజ్యం స్థాపించాడని ఇక్కడి సంప్రదాయం. తెలుగు ఈ నేలకు పరాయిది కాదు. భిలాయ్, రాయ్‌పుర్ తెలుగు ఇళ్లలో నర్సింగ్, వైద్యం చదివే పిల్లలెందరో. ఇంట్లో తెలుగు నేర్చుకున్న బిడ్డ కుంటలో రోగి బాధను నేరుగా వినగలదు. ఆ బిడ్డను కాపాడుకునే పూచీ మనది; అందుకు మొదటి మెట్టు టీకా.

హెపటైటిస్‌-బి టీకా మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు వేస్తారు. మూడోది పడిన నెల నుంచి రెండు నెలల మధ్య చేసే యాంటీబాడీ పరీక్షలో 10 mIU/ml లేదా అంతకు మించి వస్తేనే రక్షణ ఉన్నట్టు. ఎక్కువగా వదిలేసేది ఈ పరీక్షనే. వచ్చే ఉగాది శిబిరంలో బీపీ, షుగర్ బల్లల పక్కనే దీనికీ ఒక బల్ల వేయాలని మన తెలుగు సంఘం కార్యవర్గానికి మనవి.