ముఖానికి పూసే మందులకూ సహాయమా?



వైద్య సహాయం లెక్కలు చదివి వినిపిస్తున్నప్పుడు ఒక పెద్దమనిషి లేచి అడిగారు: "డయాలసిస్‌కు ఇచ్చారు, కాన్పుకు ఇచ్చారు, సంతోషం. ముఖానికి పూసుకునే క్రీములకు కూడా మన సొమ్మేనా?" అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు నాలుగు మాటల్లో సరిపెట్టాము. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాము.

ఆ క్రీములు అందం కోసం కాదు, రోజేషియా అనే చర్మవ్యాధి కోసం. ఈ జబ్బులో బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం తరచుగా వేడెక్కి ఎర్రబడతాయి, మంట పుడుతుంది, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. కొందరికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. మన చామనఛాయ ముఖాల మీద ఎరుపు అంత తొందరగా కనిపించదు. అందుకే చాలామందికి ఇది మొటిమలుగానో, వేడి చేయడంగానో చెలామణీ అవుతుంది. మొటిమల్లో నల్లటి ముల్లులు ఉంటాయి, దీనిలో ఉండవు. ముఖం ఎరుపుతో పాటు జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే అది లూపస్ అనే వేరే పెద్ద జబ్బు కావచ్చు. అప్పుడు క్రీముల మాట పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఎండ, వేడి ఈ జబ్బును రేపుతాయి. మహబూబాబాద్ వైపు మిర్చి కల్లాల్లో పనిచేసే ఆడవాళ్లు, భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర ఎండలో నిలబడేవాళ్లు, జనగామలో దావత్‌లకు కట్టెల పొయ్యి ముందు గంటలకొద్దీ బిర్యానీ వండే బావర్చీలు. వీళ్లను పని మానుకోమని ఎవరు చెప్పగలరు? తలకు, ముఖానికి నీడ, మధ్యమధ్య చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డ, చాయ్ కాస్త చల్లారాక తాగడం: చెప్పగలిగింది ఇంతే.

కానీ మా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమందికి జబ్బు ముదిరింది ఎండ వల్ల కాదు, ట్యూబ్ వల్ల. మెడికల్ షాపులో "ముఖం తెల్లబడటానికి ఏదైనా ఇవ్వండి" అంటే చేతికి వచ్చే ట్యూబుల్లో చాలాసార్లు బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. నికాహ్‌కు నెల ముందు ఆపా కొనిపెట్టిన ట్యూబ్, చెల్లెలికీ వదినకూ చేతులు మారిన ట్యూబ్, అన్నీ అలాంటివే. మొదటి వారం అద్భుతంగా ఉంటుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగబట్టి, వాపును అణచి, ముఖాన్ని తేటగా చూపిస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, నాళాలు ఉబ్బి బయటికి కనిపిస్తాయి. చర్మంలో సహజంగా ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి. ట్యూబ్ ఆపిన కొద్దిరోజుల్లోనే ముఖం భగ్గుమంటుంది. మళ్లీ పూస్తే తగ్గుతుంది. అలా అది వదలని అలవాటవుతుంది.

ఇది మన మూడు జిల్లాల కథే కాదు. దేశంలో 12 చోట్ల చర్మవైద్యులు కలిసి చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ముఖ చర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. వారిలో 392 మందికి దుష్ఫలితాలు కనిపించాయి. సగానికి మించి వాటిని డాక్టర్ కాని వారి సలహాతో మొదలుపెట్టినవారే. 2018 మార్చి 23న కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంది, ట్యూబ్ ఇంకా కౌంటర్ మీదే ఉంది.

మరి సరైన మందులేవి? పాతది, చవకైనది మెట్రోనిడజోల్ జెల్. విరేచనాలకు వేసుకునే మాత్రలోని మందే ఇది, ఇక్కడ 0.75 శాతం జెల్‌గా రోజుకు రెండుసార్లు పూస్తారు. రెండోది 15 శాతం అజిలాయిక్ ఆమ్లం జెల్. మొదట్లో చురుక్కుమంటుంది, భయపడి ఆపేస్తారు. కానీ పొక్కులతో పాటు నల్ల మచ్చలనూ తగ్గించే గుణం దీనికి ఉంది కాబట్టి మన చర్మానికి బాగా నప్పుతుంది. గర్భిణులకు కూడా డాక్టర్లు దీనివైపే మొగ్గుతారు.

మూడోది ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము. పేరు వినగానే "మేకలకు వేసే మందు కదా?" అన్నారు ఒక చాచా. నిజమే, అదే మందు, దాన్ని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అలాగని పశువుల మందు ముఖానికి పూయకూడదు, మనుషుల క్రీము వేరు. నుదురుకు, గడ్డానికి, ముక్కుకు, రెండు బుగ్గలకు ఒక్కో బఠాణీ గింజంత, రోజుకు ఒక్కసారి. 962 మందిపై జరిపిన పరీక్షలో 16 వారాలకు పొక్కులు ఐవర్‌మెక్టిన్‌తో 83 శాతం, మెట్రోనిడజోల్‌తో దాదాపు 74 శాతం తగ్గాయి. తేడా ఉంది, ధరలోనూ ఉంది. అందుకే ముందు చవకైన దానితో మొదలుపెట్టమని డాక్టర్లు రాస్తే మేము అభ్యంతరం చెప్పము.

బ్రిమోనిడిన్ అనే జెల్ అరగంటలో ఎరుపు తగ్గిస్తుంది, కొన్ని గంటల తర్వాత ఎరుపు తిరిగి వస్తుంది, కొందరికి ముందుకంటే ఎక్కువగా. జబ్బును నయం చేయని ఆ మందుకు నిధి నుంచి ఇవ్వడం మాకు సమంజసం అనిపించలేదు. పొక్కులు ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా రాస్తారు. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వెలువడింది మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు సారథ్యం వహించిన అమెరికా లేడర్లీ సంస్థలోనే.

ఈ మందులన్నీ నిదానం. ఫలితం తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. స్టెరాయిడ్ మానేవారికి ముందు కొన్ని వారాలు ముఖం ఇంకా చెడుతుంది. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఆ కష్టకాలంలోనే డబ్బులు అయిపోయి, పాత ట్యూబ్‌కే తిరిగి వెళతారు. మీ సొమ్ము ఖర్చవుతున్నది సరిగ్గా ఆ వారాల్లో: మందు, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, బస్సు ఛార్జీ.

రంజాన్‌లో మందు ఆపేసినవారూ ఉన్నారు. చర్మంపై పూసే మందుతో రోజా భంగం కాదని ఉలమాలు చెప్పారు. సహరీకి ముందు, ఇఫ్తార్ తర్వాత పూసుకున్నా సరిపోతుంది.

ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలైంది. వరంగల్ ఎంజీఎం ఉండనే ఉంది. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యునికి చూపించుకుని, ఆ చీటీతో వస్తేనే దరఖాస్తు తీసుకుంటున్నాము. వచ్చేవారు ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని రావాలి. ఏం పూశారో నోటితో చెప్పడానికి సిగ్గుపడే ఆడపిల్లలు కూడా ట్యూబ్ బల్ల మీద పెడితే చాలు, డాక్టరమ్మ చదువుకుంటారు.