పటాలం తుపాకీ వేట రైఫిల్‌గా మారిన వైనం

మేడ్చల్, శామీర్‌పేట: ‘త్రీ నాట్ త్రీ’ అన్న మాట వినని వారు మన పల్లెల్లో అరుదు. ఠాణా గుమ్మం వద్ద కాపలా జవాను భుజాన వేలాడిన పొడవాటి తుపాకీ అదే. దానికి తోబుట్టువు లాంటి మరో రైఫిల్ కొన్ని పాత కుటుంబాల బీరువాల్లో నేటికీ కనిపిస్తుంది. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. కానీ ఒకటి సర్కారు ఆయుధం, మరొకటి లైసెన్సు పొందిన పౌరుడు ఉంచుకోదగినది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే, అడవి పందుల బెడదతో విసిగి ‘పాత తుపాకీని బాగు చేయించుకుంటే సరిపోదా’ అని అడిగే రైతులకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

గుండెకాయ ఒక్కటే

రైఫిల్‌లో తూటాను గదిలోకి నెట్టి, వెనుక నుంచి బిగించి, పేల్చి, ఖాళీ గుళ్లను బయటకు లాగే యంత్ర భాగాన్ని ‘యాక్షన్’ అంటారు. గొట్టం అరిగితే మార్చవచ్చు, కర్ర విరిగితే కొత్తది బిగించవచ్చు. యాక్షన్ మాత్రం తుపాకీకి గుండెకాయ వంటిది. సైన్యం కోసం తయారైన యాక్షన్లు మన్నికలో మేటి. బురదలో పడినా, దుమ్ము కొట్టుకున్నా పని చేయాలన్న లెక్కతో వాటిని తయారు చేసేవారు. అందుకే పాత సైనిక యాక్షన్‌ను తీసుకుని, బరువైన కర్రను తొలగించి, కొత్త గొట్టం బిగించి, వేటగాని భుజానికి సరిపడేలా అక్రోటు కర్రతో మడమ చెక్కించుకోవడం ఐరోపా, అమెరికాలలో ఒక కళగానే వర్ధిల్లింది.

జర్మనీకి చెందిన మౌజర్ యాక్షన్ ఇందుకు పేరుమోసింది. లండన్‌లోని రిగ్బీ సంస్థ మౌజర్ యాక్షన్లపై వేట రైఫిళ్లను తీర్చిదిద్దేది. కుమావూ కొండల్లో 1907లో చంపావత్ నరభక్షక పులిని మట్టుపెట్టిన జిమ్ కార్బెట్‌కు నాటి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూవెట్ బహూకరించిన రైఫిల్ అటువంటిదే. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ సైతం తమ సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌ను వేటకు అనువుగా మార్పించుకుని 1909లో ఆఫ్రికా వెంట తీసుకుపోయాడు.

మన దేశంలో ఆ పాత్ర లీ ఎన్‌ఫీల్డ్‌ది. 1895లో బ్రిటిష్ సైన్యంలో చేరిన ఈ తుపాకీని తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలోనే లక్షల సంఖ్యలో తయారు చేశారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో మన సిపాయిల చేతుల్లో ఉన్నది ఇదే. 1960లలో సైన్యం సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లకు మారగా, పోలీసులు దశాబ్దాల తరబడి దీనినే మోశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దీనికి వీడ్కోలు పలికారు.

బోరు మార్చింది చట్టమే

సైన్యం వాడే తూటా పౌరుల తుపాకీలో పేలరాదన్నది బ్రిటిష్ వారి నాటి పట్టుదల. 1857 వారికి నేర్పిన పాఠం అది. ఆయుధాగారం నుంచి దొంగిలించిన తూటా బయటి తుపాకీకి సరిపోతే ముప్పు తమకేనని వారి భయం. అందుకే ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో .450 బోరు రైఫిళ్లను భారతదేశంలోకి రానీయకుండా నిషేధించారు. ఏనుగుల వేటకు కొత్త తూటాలు వెదుక్కోవలసి వచ్చిన ఇంగ్లండ్ తుపాకీ సంస్థలు .470 వంటి బోర్లను తెచ్చింది ఆ దెబ్బకే! జైలు కాపలాదారులకు, పోలీసులకు ఇవ్వడానికి లీ ఎన్‌ఫీల్డ్‌నే .410 మస్కెట్‌గా మార్చారు. అందులో గొట్టం నునుపుగా ఉంటుంది. సైనిక తూటా అందులో పని చేయదు, ఒక్కో తూటాను చేత్తో పెట్టి పేల్చాలి.

స్వాతంత్ర్యం వచ్చినా ఈ ఆలోచన మారలేదు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు .303, 7.62 మి.మీ. సైనిక తూటాలను పేల్చగల రైఫిళ్లను నిషిద్ధ బోరు జాబితాలో చేర్చాయి. మరి మంచి యాక్షన్ చేతిలో ఉండగా పౌరులకు రైఫిల్ ఎలా అమ్మాలి? ఇషాపూర్ కర్మాగారం పట్టిన దారి .315 బోరు. ఇది 1890 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మి.మీ. మాన్‌లికర్ తూటాయే. .303 అంటే 7.7 మిల్లీమీటర్లు, .315 అంటే 8 మిల్లీమీటర్లు. తేడా వెంట్రుకవాసి అనిపించినా, సైనిక తూటా ఇందులో పనికిరాదు. రెండు తూటాలకూ అడుగున అంచు ఉండటం, ఆ అంచు కొలత కూడా ఇంచుమించు ఒక్కటే కావడంతో పాత బోల్టుకు పెద్ద మార్పులు అవసరం రాలేదు. సైనిక తుపాకీలో 10 తూటాలు పట్టే పెట్టె ఉండగా దీనికి 5 పట్టేది అమర్చారు. అలా పుట్టినదే మన వారు ‘త్రీ ఫిఫ్టీన్’ అని పిలిచే రైఫిల్. ఆ కర్మాగారం 2021 అక్టోబరు నుంచి కాన్పూరు కేంద్రంగా ఏర్పడిన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది.

లేత్ మీద అయ్యే పని కాదు

మేడ్చల్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఏ మరనైనా, ఏ గొట్టాన్నైనా మలచగల లేత్ పనివారు ఉన్నారు. వారి నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయినా ఇది వారి చేత చేయించదగిన పని కాదు. రైఫిల్ తూటా పేలినప్పుడు గదిలో చదరపు అంగుళానికి 40 వేల పౌండ్లకు పైగా ఒత్తిడి పుడుతుంది. తూటా అడుగు భాగానికీ బోల్టు ముఖానికీ మధ్య సందు దారమంత పెరిగినా గుళ్లు చిట్లి వేడి వాయువు పేల్చేవాని ముఖం మీదికే వస్తుంది. కర్మాగారంలో ప్రతి తుపాకీని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసిన తర్వాతే ముద్ర వేస్తారు.

ఇక చట్టం సంగతి. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం, మార్చడం, బాగుచేయడం కూడా ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకూ ఉండవచ్చు. తుపాకీ యజమానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పనివానికి రక్షణ లేదు. వంద రూపాయల మరమ్మతు అనుకుని చేయి పెట్టే కుర్రవాడు కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తాడు.

రైతుకు దొరికేది ఏది?

వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. శామీర్‌పేటలోని జింకల పార్కుకు జనం వచ్చేది జింకలను చూడటానికే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు తెరపడింది. అడవి పంది 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేస్తున్న పందిని చంపాలన్నా 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. తుపాకీ లైసెన్సు వేరు, ఈ అనుమతి వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

పంట రక్షణకు తుపాకీ కావాలనే వారికి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ముందుగా చూపేది రైఫిల్‌ను కాదు, మందు కూరి పేల్చే బర్మారు తుపాకీని. అది చాలదని అధికారి భావిస్తే నునుపు గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. ఇందులో న్యాయం లేకపోలేదు. రైఫిల్ తూటా గురి తప్పితే రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. ఔటర్ రింగు రోడ్డు, జీనోమ్ వ్యాలీ, రోజుకొకటిగా లేచే కాలనీల మధ్య మన చేలు ఉన్నాయి. ఇక్కడ ఎటు పేల్చినా ఆ దూరంలో ఎవరిదో ఇల్లు ఉంటుంది. అయితే అనుమతి కాగితం చేతికి వచ్చేలోగా మక్కచేను నేలమట్టమవుతుందన్న రైతు మాటనూ కాదనలేం. ఆ కోపంలోనే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. దానికి పంది కంటే ముందు పక్క పొలం మనిషి బలి అయిన సంఘటనలు రాష్ట్రంలో అనేకం.

తాతల నాటి తుపాకీ ఉంటే

పెద్దలు పోయాక మిగిలిన రైఫిల్‌ను లైసెన్సు లేని వారసుడు ఇంట ఉంచుకోరాదు. సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల తుపాకీ దుకాణంలో గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. తర్వాత తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన ప్రాంతం కమిషనరేట్ పరిధిలో ఉన్నందున లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనర్‌ది. 2019 సవరణతో ఒక్కరి పేర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. జమ చేసే ముందు గొట్టం మీద చెక్కిన బోరు అంకెను, వరుస సంఖ్యను పాత లైసెన్సు పుస్తకంతో సరిచూసుకోవాలి. అక్కడ .315 బదులు .303 అని కనిపిస్తే ఆ తుపాకీ నిషిద్ధ బోరు కిందికి వస్తుంది.