తప్పే లెక్కతో నిజం తేల్చడం

తమిళనాడులోని సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతం అగ్గిపెట్టెలకు పేరు. అక్కడ ఒకే బల్ల దగ్గర ఇద్దరు పెట్టెలు నింపుతుంటే, ఒకరి లెక్క రెండోవారి పద్దులో పడిందనుకుందాం. ఎక్కడ పొరబడుతున్నామో తెలిస్తే పద్దు పుస్తకాన్నే పారేయనక్కర్లేదు. ప్రాసెసర్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. ఎన్ని ఆదేశాలు నడిచాయో, మెమరీని ఎన్నిసార్లు అడిగాయో లెక్కపెట్టే కౌంటర్లు చిప్‌లోనే ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు నెమ్మదిస్తోందో ఇంజినీర్లు వాటితోనే తేలుస్తారు. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్, హాస్వెల్ చిప్‌లలో హైపర్‌థ్రెడింగ్ ఉంటే ఒక కోర్‌ను రెండు థ్రెడ్లు పంచుకుంటాయి. ఒక థ్రెడ్‌లో కొన్ని మెమరీ ఘటనలను లెక్కిస్తుంటే, ఆ అంకెలు రెండో థ్రెడ్ కౌంటర్లోకి చేరిపోయేవి.

2015లో లైనక్స్ కెర్నల్ దీనికి దారి చూపింది: ఒక థ్రెడ్ అలాంటి ఘటనను లెక్కిస్తున్నంతసేపు, రెండో థ్రెడ్‌లో అదే వరుస సంఖ్య గల కౌంటరును వాడనివ్వదు. హైపర్‌థ్రెడింగే ఆపేయవచ్చు కదా అనవచ్చు. కానీ అప్పుడు మనం కొలిచేది రోజూ వాడే యంత్రాన్ని కాదు. కౌంటర్లు మానేసి, టైమర్‌తో మధ్యమధ్య ఆపి చూడవచ్చు కదా అనేది మరో వాదన. సమయం ఎక్కడ పోతోందో అది కొంత చెబుతుంది, ఎందుకు పోతోందో చెప్పదు. పైగా కెర్నల్ అంతరాయాలను (ఇంటరప్టులను) ఆపేసుకున్న చోట మామూలు టైమరు లోపలికి చూడలేదు. ఆ భారమంతా అంతరాయాలను తిరిగి తెరిచిన కోడ్ వరుస మీద పడుతుంది. అడ్డుకోలేని అంతరాయంతో పనిచేసే కౌంటరు ఆ చీకటిలోకీ చూడగలదు. అందుకే లోపమున్న కొలమానాన్ని పారేయడం కన్నా, దాని లోపాన్ని కచ్చితంగా తెలుసుకుని, హద్దు గీసి, మరో కొలతతో సరిచూసుకుని వాడటమే మేలు.