లెనీ బ్రూస్: నవ్వు మీద నడిచిన కేసు

స్టాండప్ కామెడీలో ఒక మాట నొప్పిస్తుందా, నవ్విస్తుందా అన్నది దాన్ని ఎవరు, ఎవరి ముందు, ఎలా అన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికన్ హాస్యనటుడు లెనీ బ్రూస్ మతం, శృంగారం, జాతివివక్షల గురించి బూతులు దాచకుండా మాట్లాడేవాడు. 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అరెస్టయితే, మరుసటి ఏడాది జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది.

1964లో న్యూయార్క్‌లో మాత్రం గండం తప్పలేదు. గ్రీనిచ్ విలేజ్‌లోని కెఫే ఓ గో గోలో డబ్బు కట్టి వచ్చినవాళ్లు నవ్వుతుంటే, వాళ్ల మధ్యే కూర్చున్న ఒక ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ అతని మాటలు రాసుకున్నాడు. ఆ ముక్కలనే కోర్టులో వినిపించారు. గొంతులో విరుపు, మాటకూ మాటకూ మధ్య ఆగిన క్షణం, జనం నవ్వు అన్నీ పోయి బూతు ఒక్కటే మిగిలింది. తన ప్రదర్శనను మరొకరు చెడగొట్టి వినిపిస్తుంటే శిక్ష తనకు పడుతోందని బ్రూస్ వాపోయాడు. ఆ ఆవేదన న్యాయమైనదే. నాలుగు నెలల జైలుశిక్ష పడింది.

కేసులకు భయపడి క్లబ్బులు పిలవడం తగ్గించాయి. దొరికిన వేదికల మీద అతను కోర్టు పత్రాలే చదవసాగాడు. నవ్వుకోవడానికి వచ్చినవాళ్లకు అది రుచించలేదు. 1966లో మాదకద్రవ్యం వికటించి మరణించాడు. 2003లో అప్పటి న్యూయార్క్ గవర్నర్ జార్జ్ పటాకీ అతనికి మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు.