అరకు నుంచి వచ్చాక జ్వరమా?

దసరా వెళ్ళాక ఆఫీసు పనిమీద కారులో విశాఖపట్నం వెళ్ళి, పనిలో పనిగా మిత్రులతో బొర్రా గుహలూ, అరకులోయా చూసి వచ్చారు మా మధురానగర్ ఆయనొకరు. పన్నెండో రోజున చలి, వణుకు, జ్వరం. ప్రయాణపు బడలికేనని మూడు రోజులు మాత్రలతో సరిపెట్టుకున్నారు. నా దగ్గరికి తెచ్చేసరికి కళ్ళు పచ్చబడ్డాయి, మాట తడబడుతోంది. “ఈమధ్య ఏ ఊరైనా వెళ్ళారా?” అని అడిగితే ఇల్లాలికి అరకు గుర్తొచ్చింది. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా! ఆసుపత్రిలో చేర్చాం. బతికి బయటపడ్డారు.

దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి నెల దాటాక కూడా వస్తుంది. అప్పటికి విహారయాత్ర సంగతి ఎవరికి గుర్తుంటుంది? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన పక్కనున్న బేగంపేటలోనే. అయినా దోమంటే మనకు ఇంకా అలుసే.

ఈ దోమ పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా కుడుతుంది. మన్యంలో రాత్రి బస చేస్తే దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గర్భిణులు, పసిపిల్లలు వెంట ఉంటే బయలుదేరేముందే డాక్టరును సంప్రదించండి. తిరిగొచ్చాక జ్వరం తగిలితే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. అందులో ఏమీ తేలకపోయినా, జ్వరం తగ్గకుంటే మర్నాడు మళ్ళీ చేయించాలి. వెళ్ళివచ్చిన ఊరి పేరు డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.